ఒక పాదం ఆలస్యం

ముక్కులోంచి దింపిన సన్నటి గొట్టం చివర కెమెరా ఉంది. అది చూపిస్తున్నదంతా పక్కనున్న తెర మీద కనిపిస్తోంది. నవనీత కుర్చీలో వెనక్కి ఆనుకుని, తన గొంతు లోపలిని తానే చూస్తోంది. రెండు తెల్లటి మడతలు, వాటి మధ్య చీకటి సందు.

"ఈ... అని సాగదీయండి," అంది డాక్టర్ రేఖ.

నవనీత సాగదీసింది. కుడివైపు మడత చురుగ్గా మధ్యకు వచ్చింది. ఎడమది ఉన్నచోటే ఉంది. వచ్చిన మడత దాన్ని అందుకోలేక కాసేపు వణికి వెనక్కి వెళ్ళిపోయింది. మిగిలిన సందులోంచి గాలి బుస్సుమంటూ బయటికొచ్చింది.

"ఇంకొక్కసారి."

ఈసారీ అంతే. డాక్టర్ గొట్టాన్ని నెమ్మదిగా బయటికి తీసి, ముక్కు తుడుచుకోమని టిష్యూ అందించింది. చేతి తొడుగులు విప్పుకుంది.

"థైరాయిడ్ గడ్డ ఆ మడతని కదిలించే నరానికి గట్టిగా అతుక్కుని ఉండింది. ఆపరేషన్‌లో విడదీసేటప్పుడు నరం నలిగింది. కోలుకుంటుందేమోనని ఏడాది దాటి చూశాం కదండీ. ఇక కదులుతుందని నేను చెప్పలేను. ఇంజెక్షన్ ఇచ్చి ఆ మడతని కాస్త మధ్యకు జరపొచ్చు. మాట్లాడేటప్పుడు ఇంత ఆయాసం ఉండదు. పాత గొంతు మాత్రం రాదు."

"ఈస్టర్‌కి పాడాలండీ," అంది నవనీత. మాటలో మాటకంటే గాలే ఎక్కువుంది.

"ఏమన్నారు?"

నవనీత తల అడ్డంగా ఊపి, చున్నీ సర్దుకుని లేచింది.

వరండాలోకి రాగానే ఫోన్ చూసుకుంది. చర్చి గ్రూపులో సంఘ పెద్ద విశ్వేశ్వరరావు గారు మళ్ళీ అదే పోస్టర్ పెట్టారు. తెల్ల లిల్లీ పూల మధ్య మైకు పట్టుకున్న తన పాత ఫొటో. కింద ఎర్రటి అక్షరాలు: ఈస్టర్ ఉదయారాధనలో సిస్టర్ నవనీత గారి స్వస్థత సాక్ష్యం, పాట. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల దినాలు మొదలైనప్పటి నుంచి కొండాపూర్ చర్చిలో ఆమె గొంతు కోసం వంతులవారీగా ఉపవాసం ఉంటున్నారు. అది విశ్వేశ్వరరావు గారి ఆలోచనే. మొదటి ఆదివారం ఆయన లేచి ఆ సంగతి చెప్పినప్పుడు నవనీతకు కళ్ళు చెమర్చాయి. ఇంతమంది తనకోసం అన్నం మానేస్తున్నారా అనుకుంది. తర్వాతి ఆదివారానికి ప్రార్థన కాస్తా ప్రకటన అయింది. "జరుగుతుందని నమ్మినప్పుడు ముందే చెప్పాలి. అదే విశ్వాసం," అన్నారాయన. గొంతు బాగైందని అందరి ముందూ సాక్ష్యం చెప్తావా అని నవనీతను ఎవరూ అడగలేదు.

ఆటో ఎక్కి ఆఫీసుకెళ్ళింది. హైటెక్ సిటీలో ఆ కంపెనీకి నాలుగు అంతస్తులున్నాయి. ఫోన్‌లో విదేశీ కస్టమర్లతో మాట్లాడే కొత్త పిల్లలకు ఎలా పలకాలో, ఎక్కడ ఆగాలో, కోపంగా ఉన్న మనిషితో గొంతు ఎంత తగ్గించాలో నేర్పించడం నవనీత పని. ఆపరేషన్ దాకా అదే చేసింది. ఇప్పుడు రికార్డయిన కాల్స్ విని, తప్పులు టైపు చేసి పంపుతోంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే పొద్దంతా ఎవరివో గొంతులే. ఆ గొంతుల్లో అలసట ఎక్కడ మొదలవుతుందో, అబద్ధం చెప్పేముందు ఊపిరి ఎలా బిగుస్తుందో ఆమెకు తెలిసిపోతుంది.

ఎదురుగా అద్దాల గదిలో కొత్త బ్యాచ్ కూర్చుని ఉంది. టీమ్ లీడ్ నీహారిక వాళ్ళకి నేర్పిస్తోంది. శబ్దం బయటికి రావడం లేదు. పిల్లలంతా మెడ మీద వేళ్ళు పెట్టుకుని నోళ్ళు తెరుస్తున్నారు. అదురు ఎక్కడ పుడుతుందో వేలికి తెలియాలని ఆ పద్ధతి పెట్టింది నవనీతే. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ దాకా వెళ్ళింది. మచ్చ తగలగానే దించేసి, తర్వాతి కాల్ తెరిచింది.

సాయంత్రం భర్త కరుణాకర్ జీడిమెట్ల నుంచి వచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. ఒంటి మీద ద్రావకాల వాసన పోయేదాకా స్నానం చేసి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు. డాక్టర్ చెప్పింది నవనీత నాలుగు ముక్కల్లో చెప్పింది. ఈ మధ్య ఏది చెప్పినా నాలుగు ముక్కల్లోనే చెప్తోంది.

కరుణాకర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తెనాలి వెళ్దాం. మా అక్క ఎప్పటినుంచో రమ్మంటోంది. ఈస్టర్ అక్కడే చేసుకుందాం."

"వీళ్ళకి ఏం చెప్తాం?"

"ఒంట్లో బాగోలేదని చెప్పేస్తాను. అబద్ధమేం కాదుగా."

సరే అనబోయింది నవనీత. రైలు, కిటికీ, ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేని ఊరు. అన్నీ కళ్ళ ముందు కదిలాయి. "చూద్దాం," అంది.

గురువారం సాయంత్రం ప్రభురాత్రి భోజన సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వెనక బెంచీకి వచ్చి కూర్చుంది. ముందు వరసలో గాయక బృందం పాడుతోంది. నవనీత నిలబడే చోట ఇప్పుడు ప్రవీణ నిలబడుతోంది. మంచి గొంతే. పై స్వరంలో మాత్రం తొందరపడుతుంది. ఆ తొందర విన్న ప్రతిసారీ నవనీతకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పాలనిపిస్తుంది.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ప్రవీణ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఏమైనా తెలుస్తోందా గొంతులో?"

నవనీత లేదన్నట్టు తల ఊపింది.

ప్రవీణ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఏమనుకోకు అక్కా. ప్రేమ కొద్దీ అడుగుతున్నా. ఎవరినైనా క్షమించకుండా మనసులో పెట్టుకున్నావా? అలాంటిదేదైనా ఉంటే అడ్డం పడుతుందంటారు. ఇంతమంది ఉపవాసం ఉన్నాం కదా. ఎక్కడ ఆగిపోయిందా అని అందరం అనుకుంటున్నాం."

ఆ కళ్ళలో చెడు ఏమీ లేదు. నిజంగానే బాధ ఉంది. నవనీత ఆమె చెయ్యి నొక్కి బయటికొచ్చింది. ఇంటికి నడుస్తూ మనసంతా వెతుక్కుంది. చిన్నప్పుడు తగాదా పడ్డ పిన్ని, ప్రమోషన్ ఆపిన మేనేజరు, పేరు కూడా సరిగా గుర్తులేని ఎవరెవరో. వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా క్షమించుకుంటూ కొండాపూర్ వీధుల వెంట నడిచింది. ఇంటి గేటు దగ్గర ఆగి, గొంతు సవరించుకుని చిన్నగా కూనిరాగం తీయబోయింది. గాలే వచ్చింది. అప్పుడు తన మీద తనకే జాలేసింది. తాళం తీసి లోపలికెళ్ళిపోయింది.

శుక్రవారం సెలవు పెట్టింది. సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన మధ్యాహ్నం మొదలై ఎండ దిగేదాకా సాగుతుంది. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. ఫ్యాన్లు తిరుగుతున్నా హాలంతా చెమట. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు.

పాస్టర్ గారు ముందుగా ఆ రోజు జరిగిన కథంతా చదివారు. నవనీతకు అది చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఏ వాక్యం తర్వాత ఏది వస్తుందో కంఠతా వచ్చు. అందుకే సగం వింటూ సగం వినకుండా కూర్చుంది. దారిన పోయేవాళ్ళు తలలూపుతూ సిలువ మీదున్న ఆయన్ని ఎగతాళి చేసిన చోటు వచ్చింది. దేవుడి కొడుకువైతే దిగి రా, దిగితే నమ్ముతాం అన్న చోటు.

నవనీత విసురుకోవడం ఆపింది.

వాళ్ళు అడిగింది కూడా సాక్ష్యమే కదా అనుకుంది. దిగి వస్తే అందరికీ రుజువు దొరికేది. దిగి రాకపోవడం చూసి, ఈయనలోనే ఏదో లోపం ఉందని వాళ్ళు ఇళ్ళకు పోయి ఉంటారు. ఆయన దిగలేదు. నన్నెందుకు విడిచిపెట్టావని అడిగితే పైనుంచి బదులు కూడా రాలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకి విశ్వాసం తక్కువని ఇన్ని వందల ఏళ్ళలో ఒక్కరూ అనలేదు.

పక్క బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు. నవనీతకు ఏడుపు రాలేదు. ఏడాదిగా ఎప్పుడూ బిగపట్టుకునే ఉన్న భుజాలు కిందికి దిగినట్టు అనిపించింది, అంతే. గొంతు రాదు. అది రాకపోవడం తన నేరం కాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండూ నిజాలే.

ఇంటికొచ్చాక కరుణాకర్ అడిగాడు. "టికెట్లు చూడమంటావా?"

"వద్దు. రేపు విశ్వేశ్వరరావు గారింటికి వెళ్ళొస్తాను."

"నేనూ రానా?"

"నేనే చెప్పాలి."

శనివారం ఉదయం కొత్తగూడ వెళ్ళడానికి ఆటో ఆపింది.

"గట్టిగ చెప్పమ్మా, ఇనపడ్తలేదు," అన్నాడు డ్రైవరు ఇంజను మోతలో.

ఫోన్‌లో మ్యాప్ చూపించింది. అతను తలూపి, ఫ్లైఓవర్ కింద సందులోంచి పోనిచ్చి ఓ అపార్ట్‌మెంట్ ముందు దింపాడు.

విశ్వేశ్వరరావు గారింటికి ఆమె ఎప్పుడూ రాలేదు. ఆమే కాదు, సంఘంలో ఎవరూ వచ్చినట్టు గుర్తులేదు. వాళ్ళావిడ జ్యోతి గారికి ఆరోగ్యం బాగోలేదని, విశ్రాంతిలో ఉన్నారని రెండేళ్ళుగా ఆయన చెప్తూ వస్తున్నారు. వస్తామంటే, "ప్రార్థన చెయ్యండి, చాలు," అనేవారు.

తలుపు ఓ నడివయసు ఆవిడ తీసింది. చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఎవరు గావాలె?"

"విశ్వేశ్వరరావు గారు."

ఆవిడ చెవి దగ్గరగా పెట్టి విని, లోపలికి చూసింది. "జర కూసోన్రి అమ్మా. సారు అమ్మకు తినిపిస్తున్నడు."

"ఎవరు కిష్టమ్మా?" అంటూ ఆయనే వచ్చారు. ఆదివారాల్లో ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా ఉండే మనిషి. ఇప్పుడు బనీను మీద రాగిజావ మరకలున్నాయి. చేతిలో స్టీలు గిన్నె, చెంచా. నవనీతను చూసి గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయారు.

"సిస్టర్! మీరా? గొంతు... వచ్చిందా?"

లోపలి గదిలోంచి ఒక అరుపు వినపడింది. "తా! తా, తా!"

"ఒక్క నిమిషం," అని ఆయన లోపలికెళ్ళారు. నవనీత కూర్చోలేదు. ఆయన వెనకే గుమ్మం దాకా వెళ్ళింది.

జ్యోతి గారు మంచం మీద దిండ్ల ఆసరాతో కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో వస్తువులా పడి ఉంది. నోరు ఒకవైపు జారింది. జుట్టు మాత్రం శుభ్రంగా దువ్వి, చిన్న ముడి వేసి ఉంది. ఆయన చెంచాతో జావ పట్టి, పెదవి కింద కారినదాన్ని చెంచా అంచుతోనే నేర్పుగా పైకి తీసి మళ్ళీ నోట్లో పెట్టారు. రెండేళ్ళు చేసిన పని.

"పక్షవాతం," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "మనం చెప్పేది అర్థమవుతుంది. మాటే రాదు. ఏం కావాలన్నా ఆ ఒక్క శబ్దమే."

"మాకెవరికీ చెప్పలేదేమండీ?"

ఆయనకు వినపడలేదు. నవనీత దగ్గరికెళ్ళి మళ్ళీ అడిగింది.

ఆయన గిన్నె బల్ల మీద పెట్టారు. కిష్టమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

"పెద్దని కదమ్మా. అందరి ఇళ్ళకీ వెళ్ళి రోగుల మీద చేతులుంచి ప్రార్థన చేసేవాణ్ణి. నా ఇంట్లోనే ఏం జరగలేదని తెలిస్తే..." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నారు. "ఉపవాసం ఈమె పేరు మీద పెట్టాలనే అనుకున్నాను. ధైర్యం చాల్లేదు. శ్రమల దినాలు అయ్యాక కూడా ఈమె ఇలాగే ఉంటే, నా దగ్గర ఇంకేం మిగలదనిపించింది. మీ పేరు పెట్టాను. మీకు గొంతొస్తే, ఆ తర్వాత ఈమె కోసం అడగొచ్చనుకున్నా."

నవనీత ఇంటి దగ్గర నుంచి కొన్ని మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. ఊపిరి చాలేటట్టు పొట్టిపొట్టి వాక్యాలుగా విడగొట్టుకుని మరీ వచ్చింది. నన్ను అడగకుండా నా ఫొటో ఎందుకు వేశారు? నేనేమన్నా మీ పందెమా? అవేవీ ఇప్పుడు నోటికి రాలేదు. కోపం పోలేదు కానీ, దాన్ని పెట్టడానికి చోటు కనపడలేదు.

మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా గొంతు రాదండీ. డాక్టర్ చెప్పేశారు."

ఆయన తల వంచుకున్నారు.

"నిన్న విన్నారు కదండీ. ఆయన్నీ దిగి రమ్మన్నారు. దిగలేదు." ఊపిరి తీసుకుంది. "నన్నూ దిగి చూపించమనకండి. ఈమెనీ అనకండి."

జ్యోతి గారు నవనీతనే చూస్తున్నారు. ఆ మాటల్లోని గాలి శబ్దం వింతగా తోచిందో, తెలిసినదిగా తోచిందో. ఎడమచెయ్యి నెమ్మదిగా ఎత్తి, నవనీత మెడ మీది మచ్చను వేలికొసలతో తాకారు. నవనీత వెనక్కి జరగలేదు. ఏడాదిగా అక్కడ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు, కరుణాకర్‌ను కూడా.

"రేపు ఈమెని తీసుకురండి," అంది.

"ఇలాగా?" అన్నారాయన బెదిరినట్టుగా. "అందరూ చూస్తారమ్మా."

"చూడనివ్వండి."

"మరి మీ సాక్ష్యం? పోస్టర్ వేశాక ఏం చెప్తారు?"

"ఉన్నది చెప్తాను."

వెళ్ళేటప్పుడు తలుపు దాకా వచ్చింది కిష్టమ్మే. "మల్లొక్కపారి రాన్రి అమ్మా. ఈడికి ఎవ్వరు రారు," అంది.

ఈస్టర్ ఉదయారాధన చర్చి ఆవరణలో, ఆరుబయట. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ప్లాస్టిక్ కుర్చీలు మంచుకు కొద్దిగా తడిగా ఉంటే కరుణాకర్ జేబురుమాలుతో రెండు తుడిచాడు. గోడకవతల ఆఫీసు టవర్ల పైఅంతస్తుల అద్దాలు అప్పుడే లేత ఎరుపెక్కుతున్నాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ నవనీత వైపే చూస్తున్నారు. కొందరు నవ్వి, అడగాలనుకుని, అడగకుండా వెళ్ళి కూర్చుంటున్నారు.

పాస్టర్ గారు మైకు ముందుకు వస్తుండగా గేటు దగ్గర కారాగింది. విశ్వేశ్వరరావు గారు దిగి, డిక్కీలోంచి చక్రాల కుర్చీ తీసి విప్పారు. కరుణాకర్, ఇంకో ఇద్దరు పరుగెత్తారు. జ్యోతి గారిని ఎత్తి కూర్చోబెట్టారు. తెల్లచీర, తలలో కనకాంబరాలు. మాట్లాడుకుంటున్న వాళ్ళు అటు తిరిగారు. కుర్చీ చక్రాల కింద కంకర కరకరలాడింది.

ఆయన కుర్చీని నవనీత పక్కన ఆపి, నేరుగా మైకు దగ్గరికెళ్ళారు. పాస్టర్ గారు పక్కకు జరిగారు.

"సిస్టర్ నవనీత గారి గొంతు రాలేదు," అన్నారు విశ్వేశ్వరరావు గారు. "ఇక రాదట. అది ఆమె విశ్వాసలోపం కాదు. వస్తుందని ప్రకటించింది నేను. ఆమెను అడగలేదు. అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను." ఆగారు. చొక్కా ఇస్త్రీ మడతలతోనే ఉంది కానీ గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నారు. "అక్కడున్నది నా భార్య. రెండేళ్ళుగా ఈమెను దాచాను. దేవుడు వినలేదని మీరనుకుంటారని భయపడ్డాను. ఈమె కూడా లేవలేదు. ఇవాళ ఈస్టర్. ఇలాగే వచ్చాం."

మైకు స్టాండు వదిలి వెనక్కి నడిచారు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఒక ముసలాయన లేచి, తను కూర్చున్న కుర్చీని తెచ్చి జ్యోతి గారి పక్కన ఆయన కోసం వేశాడు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు నవనీత కోసమో జ్యోతి గారి కోసమో కాదని, ఆమె సొంతమేదో ఉందని వింటేనే తెలిసింది. ప్రవీణ తల దించుకుని పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతోంది. తలెత్తి నవనీతను చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. నవనీత చెయ్యి కొంచెం ఎత్తి, ఛాతీ మీద పెట్టి, ఊపిరి పూర్తిగా తీసుకో అన్నట్టు చూపించింది. ప్రవీణ తీసుకుంది.

తబలా మొదలైంది. ప్రతి ఈస్టర్‌కూ పాడే పాత పునరుత్థాన కీర్తన. అందరూ లేచారు. పల్లవి అయి మొదటి చరణం అందుకున్నారు. అప్పుడు నవనీతకు పక్కనుంచి ఏదో వినపడింది. మొదట ఎవరో చిన్నపిల్ల అనుకుంది. తర్వాత తల తిప్పింది.

జ్యోతి గారు పాడుతున్నారు. ఒకవైపు జారిన నోటితోనే, మాటలతో సహా. తడబడుతూ, నెమ్మదిగా, అందరికంటే ఒక పాదం వెనకగా.

విశ్వేశ్వరరావు గారు నేల మీద మోకాళ్ళు ఆన్చి ఆమె ముఖంలోకి చూశారు. "జ్యోతీ! జ్యోతీ, నన్ను పిలువు. పేరు పెట్టి పిలువు."

"తా," అన్నారావిడ ఆయన్ని చూసి. ఎంత ప్రయత్నించినా అదే. "తా." ఆమె నుదురు ముడతలు పడింది. మళ్ళీ పాట వైపు తిరిగారు. మాటలు మళ్ళీ వచ్చాయి. పాటలో ఉన్నంతవరకే వచ్చాయి.

ఆయన భార్య ఒళ్ళో తల ఆన్చి అలాగే ఉండిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

సంఘం చివరి చరణం ముగించి ఆగింది. జ్యోతి గారికి ఇంకో పాదం మిగిలే ఉంది. ఆవిడ ఆపలేదు. ఆ ఒక్క గొంతే మిగిలింది. తబలా ఆయన ప్రవీణ వైపు చూశాడు. ఆమె ఆపొద్దని చేత్తో సైగ చేసింది. అతను వేళ్ళతో మెల్లగా తాళం కొనసాగించాడు. పాదం అయిపోయింది. ఆవిడ మళ్ళీ పల్లవి ఎత్తుకున్నారు.

నవనీత వంగి ఆమె చెవి పక్కకు ముఖం తెచ్చింది. ఆపరేషన్ తర్వాత నలుగురి ముందు ఒక్క స్వరమైనా పలకలేదు. నోరు తెరిచింది. వచ్చిందాంట్లో గాలే ఎక్కువుంది. బొంగురుగా, కింది స్థాయిలో, అక్కడక్కడ స్వరం విరిగిపోతూ ఉంది. అదే పాడింది. మైకు లేదు. వెనక నిలబడ్డవాళ్ళు వినడానికి ముందుకు వంగారు.

పాదం చివరికి వచ్చేసరికి నవనీతకు ఊపిరి చాలక ఆగింది. జ్యోతి గారు ఆగలేదు. నవనీత గాలి పీల్చుకుని, తర్వాతి పాదం దగ్గర మళ్ళీ ఆమెను అందుకుంది.